నాలుగు మూలలూ క్షేమంగా పంపండి: కార్డులు అమ్మేవారికి ఒక బహిరంగ లేఖ

ట్రేడింగ్ కార్డులు, అంటే ఆటగాళ్లవీ ఆటల పాత్రలవీ బొమ్మలతో అచ్చయ్యి జనం దాచుకునే కార్డులు, అమ్మి పోస్టులో పంపే మిత్రులందరికీ,

నమస్కారం.

మెరుపు పొర ఉండే ఒక పాత హోలో కార్డు కోసం చాలాకాలం వెతికి, చివరికి మీలో ఒకరి దగ్గర కొన్నాను. ఆయన పెట్టిన ఫోటోలు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. ముందు వైపు, వెనక వైపు, నాలుగు మూలలూ దగ్గర్నుంచి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని పైన గీతలు లేవని చూపిస్తూ ఇంకొకటి. కండిషన్ దగ్గర 'నియర్ మింట్', అంటే దాదాపు కొత్తదానిలా ఉందని రాశారు. ధర కూడా ఆ మాటకు తగ్గట్టే పెట్టారు. నేను బేరమాడకుండా కట్టేశాను.

పదకొండో రోజున మామూలు ఉత్తరాల కవరొకటి వచ్చింది. పట్టుకోగానే చేతికి తెలిసిపోయింది, లోపల గట్టిగా ఏమీ తగలడం లేదని. విప్పితే నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం, దాని మధ్యలో కార్డు. టాప్‌లోడర్ (కార్డు పెట్టే గట్టి ప్లాస్టిక్ తొడుగు) సంగతి అటుంచండి, కనీసం స్లీవ్ (పల్చటి ప్లాస్టిక్ తొడుగు) కూడా లేదు. కార్డుకి అడ్డంగా, సగానికి కాస్త పైన, ఒక మడత. ఆ మడత పొడవునా మెరుపు పొర పగిలి తెల్లగా కనిపిస్తోంది.

ఫోటోలు తీసి పంపాను. "పోస్టువాళ్లు అలా చేస్తే నేనేం చేసేది?" అని జవాబు. రెండు రోజుల తర్వాత ఆయన డబ్బు వెనక్కి ఇచ్చేశారు, ఆ మాట కూడా చెప్పాలి. ఆయన మోసగాడేమీ కాదు. నా బాధ డబ్బు గురించి కాదు కాబట్టే ఇంత ఉత్తరం రాస్తున్నాను. ఆ కార్డు అచ్చయి చాలా ఏళ్లయింది, మళ్లీ అచ్చు వేయరు. ఇన్నేళ్లు ఎవరెవరో జాగ్రత్తగా దాచుకుంటే శుభ్రంగా మిగిలిన కాపీల్లో ఒకటి పదకొండు రోజుల ప్రయాణంలో పోయింది. డబ్బు ఇచ్చేశాం కదా అంటే నా లెక్క తేలింది గానీ, కార్డు లెక్క తేలలేదు.

అసలు మీరు మాకు అమ్ముతున్నది ఏమిటో ఒకసారి ఆలోచించండి. ఒట్టి బొమ్మే కావాలంటే మూలలు అరిగిపోయిన కాపీ చాలా చవగ్గా దొరుకుతుంది. దానికి ఎన్నో రెట్లు ఎక్కువ పెట్టి మీ దగ్గర కొంటున్నది కండిషన్ కోసం. 1952లో టాప్స్ కంపెనీ అచ్చేసిన బేస్‌బాల్ ఆటగాడు మికీ మ్యాంటిల్ కార్డొకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. కండిషన్‌ను పరీక్షించే కంపెనీ దానికి ఇచ్చిన గ్రేడు 10కి 9.5. అదే సంవత్సరం, అదే బొమ్మ, అదే ఆటగాడు ఉన్న కార్డు మడతలు పడి వస్తే ఆ ధరలో వందో వంతు కూడా పలకదు. మనం రోజూ కొని అమ్ముకునే కార్డులకు అంత సీను లేదు, ఒప్పుకుంటాను. కానీ లెక్క మాత్రం అదే.

గ్రేడింగ్ కంపెనీలు కార్డును చూసేటప్పుడు ముఖ్యంగా నాలుగు చూస్తాయి. బొమ్మ నడిమధ్యన అచ్చయిందా లేదా, మూలలు, అంచులు, పైభాగం. ఇందులో మొదటిది అచ్చు వేసి కోసినవాళ్ల చేతిలో పని, దాన్ని ఇప్పుడు ఎవరూ మార్చలేరు. మిగతా మూడూ కార్డు మీ ఇంటి నుంచి బయల్దేరిన రోజున మీ చేతిలోనే ఉన్నాయి. 'నియర్ మింట్' అని రాసి, దానికి ధర తీసుకుని, ఆ మూడింటినీ ఒట్టి కాగితం కవరులో పెట్టి పంపారంటే, అమ్మిన సరుకులో సగమే పంపినట్టు నా ఉద్దేశం.

ఇక పోస్టువాళ్ల సంగతి. తపాలా వాళ్లను వెనకేసుకురావడం నా పని కాదు. కానీ కవరుకు దారిలో ఏం జరుగుతుందో తెలిసి కూడా మనం ఆశ్చర్యపోతే ఎలా? పెద్ద కేంద్రాల్లో ఉత్తరాలను వేరు చేసేది మనుషులు కాదు, యంత్రాలు. గంటకు 30 వేలకు పైగా ఉత్తరాలు వాటిలోంచి దూసుకుపోతాయి. రెండు బెల్టుల మధ్య నొక్కుకుపోయి, రోలర్ల చుట్టూ మలుపులు తిరిగి వెళ్తాయి. కాగితం ఆ మలుపులో వంగి మళ్లీ తిన్నగా అవుతుంది. కార్డు కూడా ఒక హద్దు వరకు అలాగే వంగుతుంది, హద్దు దాటితే మడత పడుతుంది. సరే కదా అని పల్చటి కవరులో గట్టి టాప్‌లోడర్ పెట్టి పంపేవాళ్లున్నారు. అది మలుపు తిరగదు. యంత్రంలో ఇరుక్కుంటుంది, లేదంటే కవరును చీల్చుకుని బయటికొస్తుంది. కవరు ఖాళీగా, పక్కన చిరుగుతో ఇంటికి చేరిన అనుభవం కార్డులు కొనేవాళ్లలో చాలామందికి ఉంది. లోపలి కార్డు ఏ యంత్రం అడుగున పడి ఉందో దేవుడికే తెలియాలి.

కొందరు కవరు మీద ఎర్ర అక్షరాలతో 'వంచవద్దు' అని రాస్తారు. ఆ యంత్రం చిరునామా చదువుతుంది తప్ప మన విన్నపాలు చదవదు. చదివే మనిషి చేతికి కవరు చేరేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. రాయండి, రాస్తే తప్పు లేదు. కానీ ఆ రాత ఉంది కదా అని లోపల అట్ట మానేయకండి.

యంత్రం దాటాక సంచుల బరువు, వాన, ఎండ. హోలో కార్డుల మీద తేమ చేసే పని వేరు. వెనకున్న కాగితం తేమను పీల్చుకుని సాగుతుంది, ముందున్న మెరుపు పొర సాగదు. దాంతో కార్డు విల్లులా వంగుతుంది. కవరు ఏ చినుకులోనో తడిస్తే చెప్పనే అక్కర్లేదు. సీల్ చేసిన చిన్న ప్లాస్టిక్ సంచి ఒక్కటి ఉంటే ఈ గండం చాలావరకు గడుస్తుంది.

ఇలా అంటుంటే మీరందరూ సరిగ్గా చుట్టకుండా పంపుతారని నా అభియోగం అనుకోకండి. దీనికి పూర్తిగా ఎదురు రకం వాళ్లు కూడా ఉన్నారు, నిజం చెప్పాలంటే వాళ్లంటేనే నాకు ఎక్కువ టెన్షన్. వాళ్లకు టేపు అంటే ప్రాణం. టాప్‌లోడర్ నోటికి టేపు, నడుముకు టేపు, దాని మీద కాగితం చుట్టి మళ్లీ టేపు, అట్టకు అన్ని వైపులా టేపు, చివర్లో మొత్తానికి కలిపి మరో నాలుగు చుట్లు. అదీ పార్సిళ్లకు వాడే వెడల్పాటి గోధుమరంగు టేపు. పట్టుకుని లాగడానికి ఎక్కడా కొస దొరకదు. కొన్నవాడు ఏం చేస్తాడు? కత్తెరో బ్లేడో తీసుకుంటాడు. లోపల కార్డు ఎక్కడుందో తెలియకుండా బ్లేడు పెట్టడం ఎంత భయంగా ఉంటుందో మీరు ఎప్పుడైనా అనుభవించారా? పోస్టులో పదిరోజులు బతికి బట్టకట్టిన కార్డు నా చేతిలోనే ఒకసారి తెగింది. అంచు మీద చిన్న గాటు. ఆ రోజు తిట్టాల్సింది పంపినవాడినో నన్నో అర్థం కాలేదు.

టేపుతో ఇంకో అనర్థం ఉంది. టాప్‌లోడర్ పైనోటికి పారదర్శకంగా ఉండే మామూలు టేపు వేస్తే, కొన్నిసార్లు అది లోపలి స్లీవ్ కొసకు కూడా అంటుకుంటుంది. టేపు లాగితే స్లీవుతో పాటు కార్డు కూడా గుంజుకుని వచ్చేస్తుంది. జిగురు టాప్‌లోడర్ మీద మిగిలిపోతుంది, అది మళ్లీ వాడటానికి పనికిరాదు. గోడలకు రంగు వేసేటప్పుడు అంచుల్లో అతికించే నీలం టేపు ఉంటుంది చూడండి, పెయింటర్స్ టేపు, అది వాడండి. మరక లేకుండా వచ్చేస్తుంది. దాని ఒక కొసను అర అంగుళం లోపలికి మడిచి అతికించండి, పట్టుకుని లాగడానికి చెవి లాగా. ఈ పనికి రెండు సెకన్లు పడుతుంది. కవరు విప్పగానే ఆ చెవి కనిపిస్తే, పంపింది కార్డుల విలువ తెలిసిన మనిషి అని నాకు అక్కడే అర్థమైపోతుంది.

రబ్బరు బ్యాండ్ల గురించి ఒక్క మాటే. వద్దు. యాభై కార్డులకు బ్యాండు వేస్తే పై కార్డుకూ కింది కార్డుకూ అంచుల్లో నొక్కులు పడతాయి, ఆ నొక్కు ఇక పోదు. పేపరు క్లిప్పు, స్టేప్లర్ పిన్ను కూడా అంతే. స్టేప్లర్ పిన్ను ఎవరైనా వాడతారా అంటారేమో. వాడారు.

ఇప్పుడు నా దృష్టిలో సరైన పద్ధతి చెప్తాను. ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు, మీలో మంచివాళ్లు నాకు పంపిన కవర్లు విప్పి నేర్చుకున్నదే.

మొదట పల్చటి స్లీవ్, అంటే మనం పెన్నీ స్లీవ్ అనేది. టాప్‌లోడర్ గట్టి ప్లాస్టిక్. అందులోకి ఒట్టి కార్డు తోస్తే లోపలున్న ఒక దుమ్ము కణం చాలు, పైన గీత గీసేయడానికి. స్లీవులోకి పెట్టేటప్పుడు కూడా మూల తగలకుండా చూసుకోవాలి, తొందరలో మూలలు నలిగేది ఎక్కువగా అక్కడే. సైజు కూడా చూడండి. పోకెమాన్, మ్యాజిక్ అనే ఆటల కార్డులు 63×88 మిల్లీమీటర్లు, యు-గి-ఓ కార్డు 59×86. దానికి చిన్న స్లీవులు వేరే ఉన్నాయి. పెద్ద స్లీవులో వేస్తే కార్డు లోపల ఆడుతూ వస్తుంది.

తర్వాత టాప్‌లోడర్. దాని మీద 35 పాయింట్లు అని ఉంటుంది కదా. పాయింటు అంటే అంగుళంలో వెయ్యో వంతు. 35 పాయింట్లంటే 0.9 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. మామూలు గేమ్ కార్డు మందం సుమారు 0.3 మిల్లీమీటర్లే కాబట్టి అది హాయిగా పడుతుంది. కానీ జెర్సీ ముక్క అతికించిన మందపాటి స్పోర్ట్స్ కార్డును కూడా అందులోనే బలవంతంగా తోసేవాళ్లున్నారు. కింది మూలలు అక్కడే నలిగిపోతాయి, ఇంకా పోస్టు డబ్బా దాకా కూడా వెళ్లకముందే. మందం కార్డులకు 75, 100, 130, 180 పాయింట్ల టాప్‌లోడర్లు దొరుకుతాయి. ఒకదాంట్లో నాలుగు కార్డులు కుక్కడం కూడా ఇలాంటి తప్పే.

టాప్‌లోడర్‌ను అలాగే వదలకుండా టీమ్ బ్యాగులో, అంటే నోరు అతికించుకునే ఆ పల్చటి ప్లాస్టిక్ సంచిలో పెడితే ఇటు కార్డు జారదు, అటు తడవదు. అసలు టీమ్ బ్యాగు ఉంటే టాప్‌లోడర్‌కు టేపే అక్కర్లేదు.

ఇప్పుడు అట్ట. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే, అదీ తెలియక. పాత అట్టపెట్టె కోసిన ముక్కలు చాలు, కొత్తవి కొననవసరం లేదు. కానీ ఆ అట్టను విరగ్గొట్టి చూడండి, మధ్యలో అలలు అలలుగా మడిచిన కాగితం పొర ఉంటుంది. ఆ అలల వెంబడి అట్ట సులువుగా మడత పడుతుంది, వాటికి అడ్డంగా పడదు. రెండు ముక్కలనూ ఒకే వైపుకు పెడితే, బలహీనమైన చోట రెండూ కలిసే మడత పడతాయి, మధ్యలోని కార్డుతో సహా. ఒక ముక్క అలలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉండేలా పెట్టండి. అప్పుడు దాన్ని చేత్తో వంచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ముక్కలు టాప్‌లోడర్ కన్నా నాలుగు వైపులా అర అంగుళం పెద్దవిగా ఉండాలి. సరిగ్గా అంతే సైజుకు కోస్తే కింద పడ్డప్పుడు దెబ్బ నేరుగా మూలకే తగులుతుంది. టాప్‌లోడర్‌ను అట్టకు ఆ నీలం టేపుతోనే చిన్నగా అంటించండి, మధ్యలోంచి జారిపోకుండా.

ఈ మొత్తాన్ని బబుల్ మెయిలర్‌లో, అంటే లోపల గాలి బుడగల పొర ఉన్న కవరులో పెట్టండి. బబుల్ మెయిలర్ ఉంది కదా అని అట్ట మానేసేవాళ్లకు ఒక మనవి. ఆ బుడగలు దెబ్బను ఆపుతాయి, వంపును ఆపవు. బబుల్ కవరును సగానికి మడవడం చాలా తేలిక. కావాలంటే ఖాళీదొకటి తీసుకుని మడిచి చూడండి. నాకు అలా సగానికి మడిచి తలుపు సందులో దూర్చిన కవరొకటి వచ్చింది, అట్ట ఉండి ఉంటే ఆ పని చేసినాయనకు అసలు మడవడం కుదిరేదే కాదు.

అతికించేముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల ఏదైనా కదిలితే మళ్లీ తెరవండి.

గ్రేడు అయిన కార్డులు పంపేవాళ్లకు ఎక్కువ చెప్పాల్సింది లేదు. గ్రేడింగ్ కంపెనీ కార్డును సీల్ చేసి ఇచ్చే ప్లాస్టిక్ పెట్టె గట్టిదే గానీ, కింద పడితే మూలల్లో పగుళ్లు వస్తాయి. రెండు పెట్టెలు ఒకదానికొకటి తగులుతూ వస్తే రెంటికీ గీతలు పడతాయి. ఒక్కొక్కదానికి విడిగా బబుల్ చుట్టి, కవరులో కాకుండా అట్టపెట్టెలో పంపండి. అంతే.

మీరు అనబోయే మాట నాకు తెలుసు. "ఇదంతా చేస్తే మాకేం మిగులుతుంది?" న్యాయమైన ప్రశ్నే. అతి చవక కార్డుకు బబుల్ మెయిలర్, ట్రాకింగ్ అంటే కార్డు కన్నా ఖర్చే ఎక్కువవుతుంది. డెక్కు, అంటే ఆడుకునే కార్డుల కట్ట నింపుకోవడానికి నాలుగు సాధారణ కార్డులు కొన్నవాడికి మామూలు కవరే చాలు. దాంట్లో కూడా ఒక పద్ధతుంది. స్లీవులో పెట్టి, పల్చటి అట్టల మధ్యనో, కాస్త వంగే సెమీ రిజిడ్ హోల్డర్‌లోనో ఉంచి, కవరు నడుమకు అంటించండి. కవరు యంత్రం మలుపులో కాస్త వంగగలగాలి, కార్డు పక్కకు జారకూడదు. నేను అడిగేదల్లా ఆ కవరులో పంపుతామని ముందే ప్రకటనలో రాయమని. కావలసినవాళ్లు అదనంగా కట్టి మంచి ప్యాకింగు తెప్పించుకుంటారు. తెలిసి ఒప్పుకున్నవాడు తర్వాత గొడవ పెట్టుకోడు. ఖరీదైన కార్డుకు షిప్పింగు పేరిట మంచి మొత్తమే తీసుకుని మామూలు కవరులో పంపేవాళ్లను మాత్రం నేను వెనకేసుకురాలేను. ఆ తేడా ఎవరి జేబులోకి వెళ్లిందో అందరికీ తెలుసు.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి గుర్తొచ్చి నవ్వొస్తుంది. 19వ శతాబ్దం చివర్లో సిగరెట్ ప్యాకెట్లు మెత్తటి కాగితంతో ఉండేవి. లోపల సిగరెట్లు నలిగిపోకుండా ప్యాకెట్‌లో ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. ఆ అట్ట మీద నటీమణులవీ ఆటగాళ్లవీ బొమ్మలు అచ్చు వేస్తే, జనం వాటిని దాచుకోవడం మొదలుపెట్టారు. మన కార్డుల వంశం చాలావరకు అక్కడిదే. ఇంకో వస్తువు నలగకుండా కాపాడటానికి పుట్టిన అట్టముక్క కార్డు. దాన్ని కాపాడటానికి ఇప్పుడు మనకు ఇంకో అట్టముక్క దొరకడం లేదు.

అమ్మకాలు జరిపించే వేదికల నిర్వాహకులు కూడా ఈ ఉత్తరం చూస్తే వాళ్లకూ ఒక విన్నపం. కార్డు కండిషన్ గురించి అన్ని గళ్లు నింపమంటారు, ప్యాకింగు గురించి ఒక్క గడి కూడా ఉండదు. 'స్లీవ్, టాప్‌లోడర్, అట్ట, మెయిలర్' అని నాలుగు గళ్లు పెట్టి, ఏవి వాడతారో టిక్కు పెట్టమనండి. తగాదా వచ్చినప్పుడు మీ పని కూడా తేలికవుతుంది.

మా వైపు నుంచి చేయాల్సినవి మేం చేస్తాం. విప్పేటప్పుడు వీడియో తీసుకుంటాం, కవరు బయటి ఫోటో కూడా పంపుతాం, దేని వల్ల పాడైందో మీకు తెలిసేలా. మంచి టాప్‌లోడర్లను పారేయకుండా దాచి, మేం అమ్మేటప్పుడు మళ్లీ వాడతాం. బాగా ప్యాక్ చేసినవాళ్లకు ఆ మాట రేటింగులో ప్రత్యేకంగా రాస్తాం. 'కార్డు బాగుంది' అని రాసి ఊరుకోవడం మా తప్పే. బాగుండేలా చేర్చింది మీరు కదా.

పోయిన నెల ఒక కవరు వచ్చింది. నేను కొన్నది పెద్ద ఖరీదు కార్డేమీ కాదు. నీలం టేపుకు చెవి మడిచి ఉంది, దాని మీద పెన్సిలుతో చిన్న బాణం గుర్తు, 'ఇక్కడ లాగండి' అని. లాగాను. అట్టలు పుస్తకంలా తెరుచుకున్నాయి. కార్డు మూలలు లైటు కింద పట్టుకుని చూశాను, నాలుగూ ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. ఆ సెల్లర్ దగ్గర ఇంకేం ఉన్నాయో చూసి, అదే రాత్రి ఇంకో మూడు కార్డులు కొన్నాను.

మడత పడ్డ ఆ పాత హోలో కార్డు కూడా నా దగ్గరే ఉంది, ఆయన వెనక్కి అడగలేదు. దాన్నిప్పుడు స్లీవులో, టాప్‌లోడర్‌లో, టీమ్ బ్యాగులో పెట్టాను.

ఇట్లు,
మీ దగ్గర కార్డులు కొనే ఒక కలెక్టర్